నొప్పికి కలిపిన వరస

మాస్టరమ్మ కటింగ్ బల్ల పక్కన నేల మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, కళ్లు తెరిచి పైకప్పు చూస్తూ ఉంటే, ఆ కుట్టు షాపులో కొత్తగా చేరినవాళ్లు నీళ్ల కోసం పరిగెత్తేవారు. పాతవాళ్లు మిషన్ ఆపకుండానే చెప్పేవారు, ఆవిడకేం కాలేదు, లేస్తుంది, ముందు నీ పని చూసుకో అని. అన్నట్టుగానే కాసేపటికి ఆవిడ పక్కకి ఒత్తిగిలి, మోచేతి మీద ఆనుకుని, బల్ల కాలు పట్టుకుని లేచేది. బట్టలకి అంటుకున్న గుడ్డ పీలికలు దులుపుకుని, కత్తెర అందుకుని, వదిలేసిన సుద్ద గీత దగ్గర్నుంచే మళ్లీ కోత మొదలుపెట్టేది.

అక్కడ కుట్టేవి యూనిఫారాలు. బడిపిల్లలవి, కాపలావాళ్లవి, హోటళ్లలో వడ్డించేవాళ్లవి. కుట్టేవాళ్లు చాలామంది, కోసేది మాత్రం ఆవిడొక్కతే. కుట్టు వంకరైతే విప్పి మళ్లీ వేయొచ్చు గానీ, కత్తెర తప్పు దారి పడితే ఆ గుడ్డని ఇంక ఎవరూ బాగుచేయలేరు. అందుకని ఆ బల్ల జోలికి ఎవరూ వెళ్లేవారు కాదు. ఆవిడకి మాత్రం అక్కడ నిలబడితేనే తను తనలా ఉన్నట్టు. చేతిలో కత్తెర ఉన్నంతసేపూ ఆవిడ ఎవరి పెళ్లామూ కాదు, ఎవరి కోడలూ కాదు, రోగి అసలే కాదు.

నొప్పి కథ పెద్దదేం కాదు. తడిసిన మెట్ల మీద జారిపడింది. విరిగిన ఎముక అతుక్కుంది, వాపు పోయింది, కట్లు విప్పేశారు. నొప్పి మాత్రం ఉండిపోయింది. నడుములో మొదలై, తుంటి మీదుగా జారి, పిక్కలో కాచుక్కూర్చునేది. ఒకనాడు సలుపు, ఒకనాడు పోటు, ఇంకోనాడు లోపల ఎవరో తడిగుడ్డ పిండుతున్నట్టు మెలిక. అన్నింటికన్నా కూర్చున్నప్పుడే ఎక్కువ. విచిత్రం ఏంటంటే, ఆవిడ మొహం కాస్త చిట్లితే చాలు, లోకమంతా తెచ్చి వేసేది కుర్చీయే.

పరీక్షలన్నీ చూసిన డాక్టరు, దెబ్బ మానిపోయిందమ్మా, నరాలే ఇంకా అరవడం మానలేదు, అన్నాడు. ఎప్పుడు మానతాయండీ అని భర్త అడిగితే, మానకపోవచ్చని కూడా దాచకుండా చెప్పాడు. ఆ మాటకి భర్త డీలా పడిపోయాడు. ఆవిడకి మాత్రం గుండె మీంచి ఏదో దించినట్టయింది. అప్పటిదాకా ఎదురైన ప్రతివాళ్లూ తగ్గిందా అని అడగడం, లేదంటే వాళ్లు చెప్పిన నూనె రాసుకోనందుకు తనే నేరం చేసినట్టు చూడటం. తగ్గాల్సిన బాధ్యత తన మీద లేదని తెలిసింది కాబట్టి, ఇక బతకాల్సిన సంగతి చూసుకోవచ్చు.

డాక్టరు ఆవిడని వ్యాయామాలు నేర్పే అమ్మాయి దగ్గరికి పంపాడు. ఆ అమ్మాయి కాళ్లు చేతులు కదిలించడం కంటే ముందు రెండు మాటలు నేర్పింది. ఒకటి, నొప్పి ఆగమనేదాకా పనిచేయకండి, అది ఆగమనకముందే మీరే ఆగండి, బాగున్న రోజున కూడా. రెండోది, దానికో పేరు పెట్టండి. పేరుంటే అది వేరు, మీరు వేరు అని గుర్తుంటుంది. వేరే మనిషి మాట్లాడుతుంటే అన్నీ వినక్కర్లేదు, అన్నిటికీ ఎదురు చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రం బస్సులో నిలబడి ఇంటికొస్తూ మాస్టరమ్మ పేరు వెతుక్కుంది. శత్రువు అందామా అనుకుంది. శత్రువంటే గెలవాలి, లేకపోతే ఓడాలి. రోజూ పొద్దున్నే లేచి యుద్ధానికి బయల్దేరే తీరిక తనకి లేదు. చుట్టం అందామంటే చుట్టం ఎప్పుడో ఒకప్పుడు సంచీ సర్దుకుంటుంది. ఆడపడుచైతే వచ్చి నాలుగు మాటలని పోతుంది. అత్తగారంటే భయపడాలి. మరి వెళ్లనిది, వెళ్లగొట్టడానికి వీల్లేనిది, మనం కోరి తెచ్చుకోకపోయినా ఇంట్లో సగం హక్కున్నది, ఇష్టమైనా కాకపోయినా ఒకే పొయ్యి దగ్గర పక్కపక్కన నిలబడి వండుకోవాల్సింది ఎవరు? దిగాల్సిన స్టాపు వచ్చేసరికి ఆవిడకి నవ్వాగలేదు. తోడికోడలు.

ఇంట్లో ఉన్న అసలు తోడికోడలి మీద కోపంతో పెట్టిన పేరు కాదది. మరిది భార్యని ఇంట్లో చిన్నకోడలంటారు. పళ్ల డాక్టరు దగ్గర, వచ్చినవాళ్లని వరసగా లోపలికి పిలిచే ఉద్యోగం. మాట కాస్త కటువు, చెయ్యి మాత్రం సాయం. అన్నదమ్ములిద్దరివీ కలిసిన కాపురాలు, ఒకటే వంటిల్లు. మాస్టరమ్మ అరువు తెచ్చుకున్నది వరసనే గానీ మనిషిని కాదు.

ఈ పేరు గుట్టు షాపులో ఒక్క ఓవర్‌లాక్ అక్కకే తెలుసు. గుడ్డ అంచులు చుట్టే ఓవర్‌లాక్ మిషన్ మీద ఎప్పట్నుంచో కూర్చుంటున్న పెద్దావిడ. టీ వేళ వీళ్లిద్దరి మాటలూ వింటే ఎవరికైనా అచ్చం ఇంటి గొడవల్లాగే ఉండేవి.

"ఈవేళ మీ తోడికోడలు ఎలా ఉందమ్మా?"

"నాకంటే ముందే లేచింది. నేను పళ్లు తోముకునేలోపే నడుం మీదెక్కి కూర్చుంది."

"దాని మాట వింటున్నావా?"

"సగం వింటున్నా. మిగతా సగం వాగనిస్తున్నా."

ఇలా నవ్వుకుంటూనే ఆవిడ బల్లని నిలబెట్టుకుంటూ వచ్చింది. ఒక గుడ్డ తాను పరవడం, గీయడం, కోయడం, పడుకోవడం, లేవడం. నిలబడి కొంతసేపు, నేల మీద కొంతసేపు. సాయంత్రానికి చూస్తే పని మునుపటంతే అయ్యేది.

చిక్కల్లా ఓనరుతో వచ్చింది. ఓనరు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆవిడ ఏనాడో నాలుగు దులిపేసేది. ఆయనది జాలిగుండె. పైగా ఆయనకో బావమరిది ఉన్నాడు. వేరే షాపులో కొంతకాలం కోత నేర్చుకుని, ఇప్పుడు అక్కగారింట్లో తిని కూర్చున్నాడు. ఓనరు మనసులో జాలీ బావమరిదీ ఎక్కడ కలిసిపోయారో ఆయనకే తెలీదు. పాపం మాస్టరమ్మా, ఎందుకీ అవస్థ, బొత్తాల దగ్గర హాయిగా కూర్చోండి, జీతంలో తేడా ఉండదు, అని రోజూ మొదలుపెట్టేవాడు. కూర్చుంటేనే నాకు ప్రాణం పోతుంది ఓనరుగారూ అని ఆవిడ చెప్పేది. ఆయన తలూపి, మర్నాడు మళ్లీ అదే పాట అందుకునేవాడు.

అంతలో ఒక పెద్ద హోటలు నుంచి ఆర్డరొచ్చింది. వడ్డించేవాళ్లకి గీతల జాకెట్లు. గీతల గుడ్డంటే జేబు మీది గీత, ఛాతీ వైపు ముక్క, అంటే ముందు పలక మీది గీతతో కలవాలి, పక్క కుట్టు దగ్గర రెండు వైపులూ కలవాలి. నమూనా నచ్చింది, మిగతావి ఎలా తయారవుతున్నాయో చూడటానికి హోటలు మేనేజరు తనే షాపుకి వస్తానన్నాడు. ఓనరుకి గుబులు పట్టుకుంది. అంత పెద్దమనిషి వచ్చేసరికి కటింగ్ మాస్టరు నేల మీద కాళ్లు చాపుకుని ఉంటే ఎలా?

ఆ గుబుల్లోనే ఆయన టీ వేళ ఓవర్‌లాక్ మిషన్ వెనకాల నిలబడి, వినకూడని మాట విన్నాడు.

"రాత్రి కునుకు పడనివ్వలేదక్కా. అటు తిరిగితే తిట్టింది, ఇటు తిరిగితే పొడిచింది. దాని నోరు నొక్కలేను, బయటికి గెంటలేను. ఈ జన్మకి ఈ తోడికోడలితోనే నాకు రాసిపెట్టుంది."

ఓనరు మనసు కరిగి నీరైపోయింది. ఈ మనిషి నడుంనొప్పికి మందు తన దగ్గర లేదు గానీ, ఇంటి పోరుకి తను ఒక మాట సాయం చేయగలడు. తిన్నగా తన గదిలోకెళ్లి, మాస్టరమ్మ ఇంటికి ఫోన్ చేశాడు. ఎత్తింది అప్పుడే పని నుంచి ఇంటికొచ్చిన చిన్నకోడలు.

ఆ సాయంత్రం మాస్టరమ్మ ఇల్లు చేరేసరికి వంటింట్లో గిన్నెల చప్పుడు మామూలుగా లేదు. చిన్నకోడలు పళ్లేలు ఒక్కొక్కటీ తుడిచి, అవసరమైన దానికంటే గట్టిగా పెడుతోంది. అత్తగారు మూలన ముక్కాలిపీట మీద కూర్చుని, నాకెందుకొచ్చిన గొడవ అన్నట్టు కూరలు ఏరుకుంటోంది. మాస్టరమ్మ చేతులు కడుక్కుని కత్తిపీట వైపు నడిచింది. చిన్నకోడలు వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"అక్కా, రాత్రుళ్లు నేను నిన్ను పొడుస్తున్నానా?"

మాస్టరమ్మకి బోధపడలేదు.

"అటు తిరిగితే తిడుతున్నానట, ఇటు తిరిగితే పొడుస్తున్నానట. మీ ఓనరు ఫోన్ చేసి బతిమాలాడు. మీ అక్కగార్ని కాస్త నిద్రపోనివ్వండమ్మా, మీకు పుణ్యముంటుంది అని. ఇంట్లో సర్దుకునేదాకా నిన్ను రేపట్నుంచి బొత్తాల దగ్గర కూర్చోబెడతాడట. కటింగ్ వాళ్ల బావమరిది చూసుకుంటాడట."

అత్తగారు చేస్తున్న పని ఆపింది. "దేంతో పొడిచావే?"

"అత్తయ్యా, మీరు కాసేపు ఊరుకోండి."

మాస్టరమ్మకి ముందు నవ్వొచ్చింది. నవ్వుకి నడుం జివ్వుమంది. గట్టు పట్టుకుని ఊపిరి తీసుకుని, వ్యాయామాల అమ్మాయి చెప్పింది, బస్సులో తను పేరు వెతకడం, ఓవర్‌లాక్ అక్కతో పరాచికాలు, అన్నీ చెప్పుకొచ్చింది. విన్నాక చిన్నకోడలు కూడా నవ్వుతుందనుకుంది. నవ్వలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇన్ని వరసలుండగా దానికి నాదే దొరికిందా?"

"నువ్వు పోవు కదే."

"నేనెందుకు పోతాను, నా ఇల్లు."

"అదీ అదే అంటోంది మరి."

చిన్నకోడలి పెదవి ఒక పక్క కదిలింది గానీ బిగబట్టుకుంది. "నీకు నేను తోడికోడల్నైతే నాకు నువ్వూ అంతే కదా. నా లెక్కన నువ్వు ఏ నొప్పివి?"

"పంటినొప్పి అనుకో. నీ ఉద్యోగానికి కుదురుతుంది."

అత్తగారు కిసుక్కుమంది. చిన్నకోడలు తుడిచే గుడ్డని గట్టు మీద పడేసి, అక్క ఎదురుగా వచ్చి నిలబడింది. ఆ తర్వాత అడిగినది వేళాకోళం కాదు.

"షాపులో అందరి ముందూ నేల మీద పడుకుంటావట. ఇక్కడెప్పుడూ పడుకోవేం? ఎలా ఉందక్కా అంటే బాగానే ఉందే అంటావు. బాగున్న మనిషి నేను పక్కకొస్తే మొహం ఎందుకలా పెడుతుంది? నేనంటే నీకు గిట్టట్లేదనుకున్నా. అందుకే ఆయన ఫోన్లో చెప్తే నమ్మాను. నమ్మేశానక్కా, అనుమానం కూడా రాలేదు."

గిన్నె దించేటప్పుడు, బక్కెట్టు జరిపేటప్పుడు పళ్లు బిగపట్టి తను మింగిన నొప్పి ఇటువైపు నుంచి చూసేవాళ్లకి చీదరింపులా కనిపిస్తుందని మాస్టరమ్మకి ఎన్నడూ తట్టలేదు. షాపులో అంత ధైర్యంగా ఉండే మనిషి ఇంటి గడప తొక్కగానే నటన మొదలుపెడుతోంది.

"పడుకుంటే మీరు నా పని లాక్కుంటారు," అంది మాస్టరమ్మ. "పడ్డ కొత్తలో చూశాగా. నా చేతిలో గరిటె నువ్వు తీసుకున్నావు. చీపురు అత్తయ్య తీసుకున్నారు. బజారు సంచీ ఆయన తీసుకున్నాడు. అందరూ ప్రేమతోనే. ఇప్పుడు ఓనరు కత్తెర అడుగుతున్నాడు, ఆయనా ప్రేమగానే. ఇలా ఒక్కొక్కటీ ఇచ్చేస్తే నా దగ్గర మిగిలేది నొప్పొక్కటే. దానికి నన్ను మొత్తం అప్పజెప్పమంటావా? అప్పజెప్పను."

"మరి రేపు ఆయన కుర్చీ వేసి కూర్చోమంటే?"

"కూర్చోను. నిలబడతా. ఆగాల్సినప్పుడు పడుకుంటా. అది కూడా ఆయన ఎదురుగానే."

"ముందు ఇక్కడ పడుకో, చూస్తాను," అంది చిన్నకోడలు.

మాస్టరమ్మ వంటింటి నేల మీద వెల్లకిలా పడుకుంది. అత్తగారు పీట కాస్త జరుపుకుంది. చిన్నకోడలు ఆవిడ కాళ్ల మీంచి దాటి పొయ్యి దగ్గరికెళ్లి, కూర తరగడం నీ వంతు, లేచాక తరుగు, నేను ముట్టుకోను, అంది. మర్యాదకి కూడా దిండు ఇవ్వబోలేదు. చాలాకాలం తర్వాత ఆవిడకి ఆ వంటిల్లు తనదనిపించింది.

మర్నాడు షాపులో బొత్తాల బల్ల దగ్గర కొత్త కుర్చీ, దాని మీద మెత్త. కటింగ్ బల్ల దగ్గర మెడలో టేపు వేసుకుని బావమరిది. గీతల గుడ్డ అప్పటికే పరిచాడు. కత్తెర అతని చేతిలో ఉంది. మాస్టరమ్మ కుర్చీ వైపు చూడకుండా నేరుగా వెళ్లి చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వు నాయనా."

అతను బావ వైపు చూశాడు. ఓనరు గొంతు తగ్గించి, మీ మంచి కోసమేనమ్మా, ఇంట్లో మీ పరిస్థితి నాకు తెలుసు, నిన్న మీవాళ్లతో మాట్లాడాను కూడా, అన్నాడు. ఆ ఇంటి పరిస్థితేంటో ఆవిడ అందరికీ వినిపించేలా చెప్పింది. తోడికోడలంటే తన నడుంనొప్పని, ఆయన నిద్రపోనివ్వమని బతిమాలింది పాపం వేరే మనిషినని. మిషన్లన్నీ ఒక్కసారి ఆగాయి. ఓవర్‌లాక్ అక్క నవ్వాపుకోలేక దారం కండె కోసం వెతుకుతున్నట్టు మిషన్ కిందికి వంగింది. ఓనరు చెవులు ఎర్రబడ్డాయి. ఆ గందరగోళంలో బావమరిది కత్తెర ఇచ్చేశాడు.

అయినా ఓనరు తన మాట వదల్లేదు. మేనేజరు వచ్చి వెళ్లేదాకా ఒక్క షరతు అన్నాడు. పడుకోవడానికి వీల్లేదు. పడుకోవాల్సి వస్తే కుర్చీలోకి వెళ్లిపోవాలి, బల్ల బావమరిదికి ఇచ్చేయాలి, ఇక శాశ్వతంగా. మాస్టరమ్మ ఔననలేదు, కాదనలేదు. గుడ్డ మీద కొలత అట్ట పెట్టి, గీత మీద గీత కూర్చి, సుద్ద తీసింది.

ముందు పలకలు అయ్యాయి. వీపు పలకలు సగంలో ఉండగా పిక్కలో వేడి మొదలైంది. ఇంకా పోటు కాదు, పోటుకి ముందొచ్చే వేడి. ఆగాల్సింది సరిగ్గా అప్పుడే. అప్పుడే వీధిలో మేనేజరు కారు ఆగింది, ఓనరు ఎదురెళ్లాడు. ఓవర్‌లాక్ అక్క కళ్లతోనే సైగ చేసింది, కాసేపు ఓర్చుకోమని. ఓర్చుకోవచ్చు, ఆవిడకి చేతకానిదేం కాదు. మేనేజరు ఉన్నంతసేపూ పళ్లు బిగబట్టి, నవ్వు మొహంతో నిలబడొచ్చు. ఆయన వెళ్లగానే కూలిపోయి, మధ్యాహ్నమంతా, రేపు పొద్దున కూడా దానికే ఇచ్చుకోవచ్చు. నిన్న వంటింట్లో చిన్నకోడలి కళ్లు గుర్తొచ్చాయి. ఆ బిగబట్టిన మొహంతో ఇంకెవరిని ఏం నమ్మించాలి?

కత్తెర బల్ల మీద పెట్టి, ఆవిడ నేల మీద పడుకుంది.

మేనేజరు లోపలికొచ్చి రెండు అడుగులేసి ఆగిపోయాడు. "ఎవరండీ ఈవిడ? ఏమైంది?"

"మా కటింగ్... అంటే, పాపం ఒంట్లో బాగాలేదండీ," అని ఓనరు నీళ్లు నమిలాడు.

"ఒంట్లో బాగాలేని మాట నిజమేనండీ," అంది మాస్టరమ్మ కింద నుంచే. "నడుంనొప్పి. అది పోయేది కాదు. మీ జాకెట్లు నేనే కోస్తున్నాను. కాసేపు నిలబడి కోస్తా, కాసేపిలా పడుకుంటా. పడుకోనిస్తే చెప్పిన రోజుకి మీకు అందుతాయి. పడుకోనివ్వకపోతే ఎవరు ఎప్పటికి ఇస్తారో నాకు తెలీదు. కోసినవి బల్ల మీద ఉన్నాయి, చూసుకోండి."

మేనేజరు ఇబ్బందిగా ఆవిడ పాదాల పక్కనుంచి ఒదిగి బల్ల దగ్గరికెళ్లాడు. రెండు పలకలు పక్కపక్కన పెట్టి, గీతలు కలిశాయో లేదో చూశాడు. జేబు ముక్క తీసి దాని చోట ఆనించి చూశాడు. ఆయనకి నేల మీది మనిషితో ఏం మాట్లాడాలో తెలిసినట్టు లేదు. ఓనరు వైపు తిరిగి, కాలర్లు కూడా ఇలాగే వస్తాయా అన్నాడు. వస్తాయండీ అని ఓనరు చెప్పేలోపు, కాలరుకి గీత అడ్డంగా వస్తుంది, మీ నమూనాలోనే అలా ఉంది, నిలువుగా కావాలంటే ఇప్పుడే చెప్పండి, అంది మాస్టరమ్మ. ఆయన ఆలోచించి, అడ్డమే ఉండనివ్వండి అన్నాడు. ఇంకేం అడగలేదు. వెళ్తూ వెళ్తూ ఆవిడకి నమస్కారం పెట్టాలా వద్దా అని తటపటాయించి, తల మాత్రం ఊపాడు.

కారు కదిలాక ఓనరు విసురుగా వచ్చాడు. అప్పటికి ఆవిడ లేచి నిలబడి పీలికలు దులుపుకుంటోంది.

"నా షరతేంటి, మీరు చేసిందేంటి? నా పరువేం కాను?"

"షరతుకి నేను ఒప్పుకోలేదండీ. మీరు చెప్పారు, నేను విన్నాను."

"ఈ ఒక్క ఆర్డరుకే. తర్వాత సంగతి నేనేం మాటివ్వలేను."

"ఇవ్వకండి. తర్వాతి ఆర్డరుకి మీరు మళ్లీ కుర్చీ వేయించండి, నేను మళ్లీ ఇక్కడే పడుకుంటా. మీరు నన్ను మానిపించాలంటే పనిలోంచి తీసేశానని నోటితో చెప్పండి. పాపం అని మాత్రం తీసేయకండి."

ఓనరు విసురుగా వెనక్కి తిరిగాడు. తన గది తలుపు వేసుకున్న చప్పుడు షాపంతా వినిపించింది. ఆయన రేపేమంటాడో ఆవిడకి నిజంగానే తెలీదు. మిషన్లు ఒక్కొక్కటే మళ్లీ అందుకున్నాయి.

బావమరిది ఎటూ పోలేక అక్కడే నిలబడి ఉన్నాడు. వీపు పలకలు ఇంకా సగం ఉన్నాయి, ఆ తర్వాత చేతులు, ఆ తర్వాత కాలర్లు. పిక్కలో వేడి కాస్త దిగింది గానీ నడుం సలుపుతూనే ఉంది. మాస్టరమ్మ కత్తెర అందుకుని, ఆ చివర గుడ్డ జారిపోతోంది, ఊరికే నిలబడకపోతే కాస్త బిగించి పట్టుకోమని అతనికి చెప్పింది.